దేవదారు పుల్ల

చీకటి పడ్డాక ఆ చుట్టల కార్ఖానా వెనక గదిలోకి ఎవరూ వెళ్లరు. పిల్లి కూడా వెళ్లదు. ఎలుకను తరుముకుంటూ వచ్చిన పిల్లి, ఎలుక ఆ గదిలో దూరగానే గుమ్మం దగ్గర ఆగిపోయి, "పోనీలే, బతుకు" అన్నట్టు వెనక్కి తిరగడం నేను ఈ కళ్లతో చూశాను.

ఈ కళ్లంటే మామూలు కళ్లు కావు. కటిక చీకట్లో మేకు నెత్తిన సుత్తి దెబ్బ గురి తప్పకుండా వేసే కళ్లు. ఆ కార్ఖానాలో చుట్టలు సర్దే చెక్కపెట్టెలన్నీ నేను చేసినవే. వెనక గదిలో అరలు నేను కొట్టినవే. ఆ గదికి అవతలి పక్క, ఆకు బస్తాలు దింపడానికి ఒక చిన్న తలుపుంది. అదీ నేను బిగించిందే. నేను బిగించిన తలుపు కిర్రుమనదు. అది తెరుచుకున్న సంగతి ఆనుకుని ఉన్న గోడకి కూడా తెలియదు.

సరే, గది సంగతి.

కిటికీ లేని గది. నాలుగు గోడలకీ దేవదారు చెక్క. చుట్టిన చుట్టని ఆ పూటే కాల్చరు. ఆ చెక్క వాసన పీలుస్తూ, ఆ చల్లదనంలో, నెలల తరబడి మగ్గాలి. తొందరపడితే పచ్చి వాసన. ఆలస్యం చేస్తే ఎండుగడ్డి. అందుకే పగలు కూడా ఆ గదిలోకి పనివాళ్లు నిద్రపోతున్న పసిపాప దగ్గరికి వెళ్లినట్టు వెళ్లేవాళ్లు.

రాత్రయితే మాత్రం...

చీకట్లో ఒక ఎర్రటి చుక్క. పెరుగుతుంది... తగ్గుతుంది. మళ్లీ పెరుగుతుంది. ఎవరో తీరిగ్గా దమ్ము లాగుతున్నట్టు. అంతలో, పళ్ల మధ్య ఏదో కరిచిపట్టుకుని మాట్లాడే మగగొంతు—

"నిప్పుందా?"

పాపం, అడిగారు కదా అని మీరు నిప్పు చూపించారో... ఉఫ్! ఆరిపోతుంది. కిటికీ లేని గదిలో, గాలి లేని గదిలో.

మా వాచ్‌మన్ ఆరడుగుల మనిషి. జేబులో పెట్రోలు లైటరు ఉంది కదా అన్న ధీమాతో వెళ్లి, టక్కున నొక్కాడు. ఉఫ్! మళ్లీ నొక్కాడు. ఉఫ్! ఈసారి చెంపకి వెచ్చటి ఊపిరి తగిలింది, ఊపిరి నిండా చుట్ట వాసన. తెల్లవారి చూస్తే ఒక బూటు గదిలో ఉంది, ఇంకో బూటు గేటు దగ్గరుంది, వాచ్‌మన్ వాళ్ల అత్తగారింట్లో ఉన్నాడు.

గుమాస్తా చదువుకున్నవాడు. దెయ్యాల్లేవని తేల్చేస్తానని కొవ్వొత్తి వెలిగించి పట్టుకెళ్లాడు. ఉఫ్! ఆ తర్వాత చాన్నాళ్లు, పక్కన ఎవరైనా టీ చల్లార్చుకోవడానికి ఊదినా కుర్చీలోంచి లేచి నిలబడేవాడు.

నేనూ వెళ్లాను ఒక రాత్రి. ఒంటరిగా, ఉత్త చేతులతో, ఈల వేసుకుంటూ. ఆ రాత్రి చుక్కా లేదు, గొంతూ లేదు. నా అడుగుల చప్పుడు విని దాక్కుందని నా నమ్మకం. "మీరు వెళ్లింది పక్కనున్న బొగ్గుల కొట్లోకి" అని మా ఆవిడ అంటుంది. భర్త గొప్పతనం ఏ ఆవిడ ఒప్పుకుంది లెండి.

అందరూ భయపడ్డారే గానీ ఒక్క సంగతి ఎవరికీ తట్టలేదు. వెలుగుతున్న చుట్ట నోట్లో ఉన్నవాడు నిప్పు ఎందుకు అడుగుతాడు? నాకు తట్టింది. కానీ నిలబెట్టి అడుగుదామంటే దెయ్యం నాకు చిక్కలేదు.

ఇంతకీ ఆ దెయ్యం ఎవరనుకున్నారు? చెప్పడానికి కాస్త సిగ్గు, కాస్త గర్వం...

మా మామగారు.

కార్ఖానాకి ఆయన పెద్దమేస్త్రీ. చుట్ట చుట్టడం సగం పని, వెలిగించడం సగం పని అనేవారు. ఎవరైనా లైటరు తీస్తే, "చుట్టకి పెట్రోలు తాగిస్తావట్రా?" అని చేతిమీద కొట్టేవారు. కొవ్వొత్తి దగ్గరికి వంగితే, "మైనం నాకాలనుంటే నాకు, మధ్యలో నా చుట్టెందుకు?" అనేవారు. అగ్గిపుల్ల గీసి అదే ఊపులో చుట్టకి అంటించేవాణ్ణి చూస్తే, "గంధకం కాలిపోయేదాకా ఆగలేవా? ఎక్కడికో బండి తప్పిపోతున్నట్టు!" అనేవారు.

మరి దేనితో వెలిగించాలి? దేవదారు పుల్లతో. నేను పెట్టెలు చేయగా మిగిలిన చెక్కని సన్నగా, నిలువుగా చీరితే వచ్చే పుల్ల. (నేను చీరిన పుల్ల ఎంత సన్నమంటే, దాని మీద ఎండ పడితే నీడ పడేది కాదు.) ముందు అగ్గిపుల్ల గీయాలి. గంధకం పోయేదాకా ఆగాలి. దాంతో దేవదారు పుల్ల ముట్టించాలి. చుట్ట మూతిని మంటకి కాస్త పైన పట్టుకుని, తిప్పుతూ తిప్పుతూ... మంట తగలకూడదు, సెగ తగలాలి. అంచంతా చుట్టూ సమంగా ఎర్రబడ్డాకే మొదటి దమ్ము.

అంత మనిషీ ఒక సాయంత్రం పని అయ్యాక వెనక గదిలో తన ముక్కాలి పీట మీద కూర్చుని, చుట్ట నోట్లో పెట్టుకుని, పుల్ల చేతిలోకి తీసుకుని... అలాగే గోడకి ఒరిగిపోయారు. మేము వెళ్లేసరికి ఒళ్లు చల్లబడింది. చుట్ట మాత్రం పళ్ల మధ్యే ఉంది. వెలిగించలేదు.

ఆ చుట్టని మా అత్తయ్యే తీసి, పీట మీదున్న మట్టి బూడిదగిన్నెలో పెట్టింది. దాన్ని కదిపే ధైర్యం ఇక ఎవరికీ లేకపోయింది.

అప్పుడు మొదలయ్యింది— నిప్పుందా, నిప్పుందా అని.

ఇక మా బావమరిది.

మామగారి ఒక్కగానొక్క కొడుకు. చుట్టడంలో తండ్రికి తీసిపోడు. ఆకు మీద వాడి వేళ్లు నడుస్తుంటే చూడ్డానికి చుట్టలు చుట్టే హాలంతా పని ఆపేది. కానీ చేతిలోకి నిప్పు వచ్చిందా... ఆ వేళ్లే గడగడా వణికేవి. ఒకసారి అందరి ముందూ వెలిగించబోయి చుట్ట మూతంతా మసి చేశాడు. మామగారు ఒక్కటే మాటన్నారు:

"నీ చేతికి నిప్పు రాదురా."

అంతే. ఆ మాట వాడి వేళ్లలో దిగిపోయింది. ఆ తర్వాత తండ్రి ఎదుట వాడు అగ్గిపెట్టె ముట్టుకోలేదు. హాల్లో వాడి పేరు 'వణుకు' అయిపోయింది.

మామగారు పోయిన కొన్ని నెలలకి, ఒక సాయంత్రం హాలు మూసే వేళకి యజమాని వాణ్ణి పిలిచాడు.

"రేపు పొద్దున్నే పెద్ద బేరగాడు వస్తున్నాడు. మీ నాన్న చివరగా కట్టిన కట్ట చూపించాలి. మగ్గితేనే చూపిస్తాను, పచ్చిగా ఉంటే లేదు. ఒకటి కాల్చి చూసి, నేను తెల్లారి వచ్చేసరికి ఆ మాట చెప్పు. సరిగ్గా చెప్పావా, మీ నాన్న కుర్చీ నీది. తప్పావా... ఆకులో ఈనెలు తీసే బల్ల దగ్గర చోటుంది."

చుట్టేవాణ్ణి ఈనెలు తీయడానికి పంపడమంటే, పాడేవాణ్ణి తలుపు దగ్గర చెప్పులు కాయమనడం.

పైగా ఆ గదిలో మగ్గే చుట్టని ఆ గదిలోనే కాల్చి చూడాలి. బయటి గాలి తగిలితే రుచి తెలియదు. అది మామగారి శాసనం. కాల్చాలంటే వెలిగించాలి. వెలిగించడం చెడితే నాలుక మీద పెట్రోలో, మైనమో, గంధకమో తగులుతుంది గానీ చుట్ట తగలదు. రుచి తెలియకపోతే తీర్పు లేదు. తీర్పు లేకపోతే కుర్చీ లేదు.

ఆ రాత్రి అత్తయ్య ఇంట్లో అందరం కూర్చున్నాం. కార్ఖానా వెనక సందులోనే వాళ్ల ఇల్లు. వాచ్‌మన్ తన లైటరు పంపించాడు, గుమాస్తా కొవ్వొత్తి పంపించాడు. మనుషులు మాత్రం రాలేదు. మా ఆవిడ అగ్గిపెట్టె తెచ్చి తమ్ముడి చేతిలో పెట్టింది.

అత్తయ్య అన్నీ చూసింది. "ఇన్ని నిప్పులెందుకురా? దేంతో వెలిగిస్తావ్?"

"ఏది ఆరకపోతే దాంతో" అన్నాడు వాడు, నవ్వబోయి.

అత్తయ్య నవ్వలేదు. "నాకు తలనొప్పిగా ఉంది. పడుకుంటాను" అని లోపలి గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

యజమాని ఇచ్చిన గేటు తాళంచెవి తీసుకుని మేమిద్దరం బయల్దేరాం. వెనక గది గుమ్మం దగ్గర వాడు ఆగిపోయాడు.

"బావా... నువ్వూ రారాదూ?"

"వస్తాను. నాకేం భయం? కానీ ఆలోచించు. నన్ను చూస్తే అది బయటికి రాదు. దాని సంగతి తేలదు. నేనిక్కడ కాపలా ఉంటాను, నువ్వు ఒక్క కేక వెయ్యి. చాలు."

"పోనీ, టార్చి ఇవ్వు."

"టార్చి నా దగ్గరే ఉండాలి. నిన్ను వెతకాల్సి వస్తే?"

వాడు నా వంక అదోలా చూశాడు. తలుపు తోసుకుని లోపలికి నడిచాడు. తలుపు మూసుకుంది... కిర్రుమనలేదు.

ఇక్కణ్ణుంచి వాడు చెప్పిందే చెబుతున్నాను. ఒక్క ముక్క కలపను.

లోపల చీకటి ఎంత చిక్కగా ఉందంటే, చెయ్యి చాపితే అంటుకునేలా ఉంది. చుక్క లేదు. చుట్టల వాసన, చెక్క వాసన... వాటి కింద ఇంకేదో, వెచ్చగా. అప్పుడే ఎవరో ఊదిన పొగ.

గోడ తడుముకుంటూ వెళ్లాడు. అర దొరికింది. తండ్రి కట్టిన కట్ట దొరికింది, ఆ ముడి వేళ్లకి తెలుసు. ఒక చుట్ట లాగాడు. కొన తుంచాడు. నోట్లో పెట్టుకున్నాడు.

నిశ్శబ్దం...

"నిప్పుందా?"

చెవి పక్కన కాదు. వెనక కాదు. కింద నుంచి. పీట మీద కూర్చున్న మనిషి ఎంత ఎత్తులో ఉంటాడో, అంత ఎత్తు నుంచి.

వాడి చెయ్యి తనంతట తానే జేబులోకి వెళ్లింది. లైటరు. టక్—

ఉఫ్!

చీకటి. వెచ్చటి ఊపిరి మణికట్టు మీంచి పోయింది.

అగ్గిపుల్ల గీశాడు, కొవ్వొత్తి ముట్టించాడు. ఒత్తి తల ఎత్తిందో లేదో... ఉఫ్!

ఇంకో పుల్ల. గీసిందే తడవు, గంధకం ఇంకా బుసకొడుతుండగానే, చుట్ట మూతికి పెట్టబోయాడు. ఉఫ్!

"నిప్పుందా..." మళ్లీ. ఈసారి గొంతులో చిరాకు. ఆ చిరాకు వాడు పుట్టినప్పట్నుంచీ ఎరిగినదే.

గుమ్మం బయట నాకు వాడి ఊపిరి వినబడుతోంది. నేను సుత్తి బిగించి పట్టుకున్నాను. లోపలికి దూకడానికి ఒక కాలు ఎత్తాను కూడా. ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచాను. అట్లా అంతసేపు ఒంటికాలి మీద నిలబడడం మామూలు మనుషుల వల్ల కాదు.

లోపల వాడికి కేక వేద్దామనిపించింది. నోరు తెరిచాడు. అప్పుడే, అంత భయంలోనూ, ఒక ఆలోచన మెదిలింది...

నిప్పు అడిగేవాడు నిప్పెందుకు ఊదేస్తాడు?

వద్దని కాదు. ఈ నిప్పు వద్దని.

వాడు నోరు మూసుకున్నాడు. లైటరు, కొవ్వొత్తి నేలమీద పెట్టేశాడు. చేత్తో తడుముకుంటూ పీట దగ్గరికి పాకాడు. పీట మీద కూర్చోలేదు. ఎలా కూర్చుంటాడు? పక్కన మోకాళ్ల మీద కూలబడ్డాడు. పీట కింద రేకు డబ్బా ఉండాలి. ఉంది. అందులో పుల్లలు. నేను చీరినవి.

అగ్గిపుల్ల గీశాడు. చెయ్యి వణికింది. బుస్సుమంది గంధకం... ఆగాడు. వేళ్ల దాకా సెగ వస్తోంది... ఆగాడు. నీలిమంట పోయి పసుపు మంట నిలబడింది. ఊపిరి బిగబట్టాడు.

ఎవరూ ఊదలేదు.

దేవదారు పుల్ల అంటుకుంది. తియ్యటి వాసన గదంతా లేచింది. చుట్ట మూతిని మంటకి పైన పట్టాడు. తిప్పాడు. ఇంకా తిప్పాడు. అప్పుడు గమనించాడు... చెయ్యి వణకడం లేదు. ఎప్పుడు ఆగిందో తెలియదు. ఎవరో మణికట్టు కింద అరచెయ్యి ఆనించి పట్టుకున్నంత నిలకడగా ఉంది.

అంచు ఎర్రబడింది, చుట్టూ సమంగా, పున్నమి చంద్రుడిలా. మొదటి దమ్ము లాగాడు. కళ్లు మూశాడు. నాలుక మీద ముందు చెక్క, తర్వాత తీపి, చివర కాస్త కారం...

"మగ్గింది" అన్నాడు గట్టిగా. చీకటికి చెప్పాడు.

పుల్లని బూడిదగిన్నె మీద అడ్డంగా పెట్టి కళ్లెత్తాడు. ఆ వెలుగులో... ఎదురుగా... అరల మధ్య... ఒక మొహం.

వాడు వేసిన కేకకి నేను ఎత్తిన కాలు కిందికి వచ్చింది. తలుపు బద్దలు కొట్టుకుని దూకాను. (తలుపు గడియ పడలేదు. పడినా బద్దలు కొట్టేవాణ్ణే.) టార్చి వేశాను.

అత్తయ్య!

ఆకు బస్తా మీద దర్జాగా కూర్చుని ఉంది. చెయ్యి వెనక్కి పెట్టుకుంది. ఆ చేతి వెనక నుంచి పొగ.

"అమ్మా! నువ్వు... చుట్టా?"

"అరవకురా. వీధికంతా వినబడుతుంది." అత్తయ్య చుట్ట ముందుకి తెచ్చి, ఇక దాచేదేముందన్నట్టు ఒక దమ్ము లాగింది. "పెళ్లయిన కొత్తలో మీ నాన్న నేర్పారు. హాలు మూశాక రోజూ ఇక్కడే, ఇద్దరం. ఆయన పోయారని మానెయ్యమంటావా?"

"ఎట్నుంచి వస్తావ్? గేటుకి తాళం!" అన్నాను.

"నువ్వు బిగించిన తలుపే అల్లుడూ. చక్కగా చప్పుడు చెయ్యదు."

నా పనితనాన్ని అత్తగారు మెచ్చుకోవడం అదే మొదలు, అదే చివర.

"అయితే ఆ ఊదింది..." అన్నాడు బావమరిది.

"నేనే. ఇన్ని చుట్టలు నిద్రపోతుంటే పెట్రోలు కంపు చేస్తాడట్రా ఆ వాచ్‌మన్? ఆ గుమాస్తా మైనమొకటి! మీ నాన్న చూస్తే ఊరుకుంటారా? ఆయన లేరు, నేనన్నా ఊదద్దూ?"

"మరి నాకు ముందే చెప్పొచ్చుగా, పుల్లతో వెలిగించమని."

"చెబితే అది నా చెయ్యి అవుతుంది. నీ చెయ్యి కావద్దూ?"

వాడు నేలమీద కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు. అత్తయ్యా, నేనూ నవ్వాం. నా నవ్వుకి అరల్లో పెట్టెలు కదిలాయి. తెల్లారాక యజమానికి మగ్గిందని చెప్పడం, ఆ బేరగాడు అదే కట్టలో చుట్ట కాల్చి, కళ్లు మూసుకుని, మాట లేకుండా తల ఊపడం, కుర్చీ మా వాడిది కావడం— అదంతా పొద్దుటి మాట. ఆ రాత్రి ఇంకా అయిపోలేదు.

వాడు కళ్లు తుడుచుకుంటూ అన్నాడు: "అంతా బాగుందే గానీ అమ్మా... నాన్న గొంతుతో 'నిప్పుందా' అని అడిగావు చూడు, అదొక్కటీ మాత్రం నా ప్రాణం తీసింది."

అత్తయ్య నవ్వు ఆగిపోయింది.

"నేనా?"

"మరింకెవరు?"

"నేనెప్పుడడిగానురా... వెలుగుతున్న చుట్ట చేతిలో పెట్టుకుని నిప్పెందుకు అడుగుతాను?" గొంతు తగ్గించింది. "అది నాకూ వినబడుతుంది రోజూ. మీలో ఎవరో బయట నుంచి ఆట పట్టిస్తున్నారనుకున్నాను..."



టార్చి ఆరిపోయింది. నా చెయ్యే జారిందని వీళ్లంటారు. నా చెయ్యి జారదు.

పుల్ల అప్పటికే కాలిపోయింది. చీకట్లో రెండు చుక్కలు. ఒకటి అత్తయ్య చేతిలో, ఒకటి బావమరిది చేతిలో.

తర్వాత... మూడోది.

పీట మీద, బూడిదగిన్నెలో. మామగారి పళ్ల మధ్య వెలగకుండా మిగిలిపోయిన చుట్ట.

వాడు అడ్డంగా పెట్టిన పుల్ల సెగ తగిలి ఉండొచ్చు. ఒప్పుకుంటాను. చుట్ట తనంతట తాను రాజుకోవచ్చు.

కానీ ఆ చుక్క పెరిగింది... తగ్గింది. మళ్లీ తీరిగ్గా పెరిగింది. దమ్ము మాత్రం ఎవరో ఒకరు లాగాలి కదండీ.

నేను పరిగెత్తలేదు. కాళ్లు రాలేదు.

చీకట్లో అత్తయ్య గుసగుసగా అన్నది:

"చూశావట్రా నాన్నా... నీ చేతి నిప్పు తీసుకున్నారు."